నాన్న పేరు మీద ఆస్తి, మతిమరుపు మొదలైంది: గిఫ్ట్ డీడా, జీపీఏనా, వీలునామానా?

కేపీహెచ్‌బీ_రమ
నాన్నకు 78, అమ్మకు 72. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది. ఫ్లాట్ ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. నల్గొండ దగ్గర మూడెకరాలు, రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు, ఒక లాకరు. అన్నీ స్వార్జితమే. డిమెన్షియా తొలిదశ అని న్యూరాలజిస్టు తేల్చారు. మనుషులు, ఆస్తులు, లెక్కలు బాగానే గుర్తున్నాయి, నిన్నటి సంగతులే నిలవట్లేదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య "మొత్తం మనిద్దరి పేరా గిఫ్ట్ డీడ్ చేయించెయ్, పీడా పోతుంది" అంటాడు. డాక్యుమెంట్ రైటర్ జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) చాలంటాడు. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారేమో నామినీ ఉంటే ఇంకేమీ అక్కర్లేదమ్మా అని తేల్చేశారు. చూసుకునేది నేనే. రేపు అమ్మ ఎవరి ముందూ చేయి చాపకూడదు. ఏది ముందు చేయాలి?

అంబర్‌పేట_యాదగిరి
అక్కా, జర ఆగు. గిఫ్ట్ డీడ్ అంటే ఇచ్చేసినట్టే, మళ్ల ఎనుకకు రాదు. మీ అన్న మంచోడే అయితడు, రేపు ఎట్లుంటదో ఎవలకెరుక. మీ అమ్మ పేరు ఆ కాయితంల ఏడుంది?

దస్తావేజుల_మూర్తి
యాదగిరి గారు సరిగ్గా పట్టుకున్నారు. అన్నీ ఇద్దరు పిల్లలకు గిఫ్ట్ చేస్తే అమ్మగారి వాటా ఆ క్షణమే సున్నా. అదే ఏ కాగితమూ రాయకుండా నాన్నగారు పోయారనుకోండి, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మ, అన్నయ్య, మీరు, తలా మూడో వంతు. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా వస్తుంది, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. అంటే గిఫ్ట్ డీడ్ వల్ల అమ్మగారు ఏమీ చేయకపోతే దక్కేది కూడా పోగొట్టుకుంటున్నారు.

ఇంకోటి. గిఫ్ట్ రిజిస్టర్ అయిన రోజు నుంచి ఇల్లు పిల్లలది. ఒక పిల్లాడికి అప్పులుంటే వాడి వాటా జప్తుకొస్తుంది. వాడికి విడాకులైతే అదీ ఆ లెక్కల్లోకి వెళ్తుంది. వాడు తల్లిదండ్రులకంటే ముందు పోతే ఆ వాటా వాడి భార్యాపిల్లలకూ తల్లికీ పంపకమవుతుంది. పెద్దాయన తను కట్టుకున్న ఇంట్లో తనే అతిథి.

చిక్కడపల్లి_శాస్త్రి
అంత భయపెట్టక్కర్లేదు మూర్తి గారూ. సీనియర్ సిటిజన్స్ చట్టం 2007లో 23వ సెక్షన్ ఉంది. చూసుకోకపోతే గిఫ్ట్ రద్దు. పేపర్లో వారానికోసారి చదువుతున్నాంగా, ఆర్డీవో ఇల్లు వెనక్కి ఇప్పించాడని.

న్యాయవాది_పద్మ
శాస్త్రి గారు చెప్పింది సగమే. 23 కింద రద్దు కావాలంటే రెండు ఉండాలి: కనీస అవసరాలు, వైద్యం చూసుకోవాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చి ఉండాలి, తీసుకున్నవాడు ఆ షరతు తప్పాలి. మామూలు గిఫ్ట్ డీడ్‌లో రైటర్లు ఏం రాస్తారు? "ప్రేమాభిమానముల చేత ఇచ్చితిని". ఆ ఒక్క వాక్యం మీదే కేసు వీగిపోతుంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు షరతు ఉన్నట్టు చూపాల్సిందే అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ (ఇక్కడ ఆర్డీవో నడిపేది) ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం కూడా ఇప్పించవచ్చని చెప్పింది. అయితే ఆ కేసులో చూసుకుంటామన్న మాట రాతపూర్వకంగా ఉంది.

ఎవరైనా గిఫ్ట్ ఇచ్చి తీరాలనుకుంటే రెండు క్లాజులు విడివిడిగా పెట్టించండి. ఒకటి, ఇచ్చేవారికీ భార్యకూ జీవితాంతం ఆ ఇంట్లో నివాస హక్కు, అద్దె వస్తే అది వాళ్లదే. రెండు, తిండి, మందులు, వైద్యం, మనిషి తోడు తీసుకున్నవారి బాధ్యత, తప్పితే 23 కింద రద్దు. ఇవి రాయడానికి పిల్లలు ఒప్పుకోకపోతే సమాధానం అక్కడే దొరికినట్టు.

అంబర్‌పేట_యాదగిరి
ఆర్డీవో అంటే ఏ ఆర్డీవో? హైదరాబాద్ల మస్తుమంది ఉన్నరు గదా.

న్యాయవాది_పద్మ
పెద్దలు ఉంటున్న చోటుని బట్టి. హైదరాబాద్ జిల్లాకు హైదరాబాద్, సికింద్రాబాద్ అని రెండు డివిజన్లు. కూకట్‌పల్లి మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలోది, కాబట్టి మల్కాజ్‌గిరి ఆర్డీవో. పోషణ కోసం అర్జీ పెడితే నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. నెలకు గరిష్ఠంగా 10,000. ఆర్డరు మీద అప్పీలుకి 60 రోజులు. ఎలా రాయాలో తెలియకపోతే 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

డాలస్_బాబ్జీ
రమగారి అన్నయ్యకి ఒక మాట చెప్పండి. నల్గొండ మూడెకరాలు ఆయనకు గిఫ్ట్ చేయడం కుదరదు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారు) ఇల్లు, ఫ్లాట్ బంధువు నుంచి గిఫ్ట్‌గా తీసుకోవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు, గిఫ్ట్‌గానూ తీసుకోకూడదు. వారసత్వంగా అయితే ఏదైనా రావచ్చు, వీలునామా ద్వారా వచ్చినా సరే. తర్వాత అమ్ముకుంటే డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇండియా ఆదాయం వేసుకునే ఖాతా) పడాలి, అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తెచ్చుకోవచ్చు. అంటే ఆయన సౌకర్యం కోసమైనా వీలునామాయే మేలు. ఇక్కడ ఈ పాయింటు చెబితే సగం మంది "నిజమా?" అంటారు.

కేపీహెచ్‌బీ_రమ
ఇది అన్నయ్యకు చూపిస్తా. మరి జీపీఏ? బ్యాంకు పనులకు, భూమి పనులకు నాకు రాసిస్తే ఎప్పటికీ పనికొస్తుందని రైటర్ గారి మాట.

న్యాయవాది_పద్మ
ఎప్పటికీ కాదు. కాంట్రాక్ట్ చట్టం 201 ప్రకారం పవర్ రాసినవారు చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఏజెన్సీ ముగుస్తుంది. అమెరికా, ఇంగ్లండుల్లో మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఉంటుంది, మన చట్టంలో లేదు. మీరు జీపీఏ తీసుకునేదే నాన్నగారికి తెలివి పోయిన రోజు కోసం. సరిగ్గా ఆ రోజే అది చెల్లదు. అదీ మతలబు.

అలాగని పనికిరాదనను. ఈ ఏడాది రెండేళ్లలో ఆఫీసుల చుట్టూ తిరగడానికి కావాలి. పన్ను కట్టడం, కరెంటు, నీళ్లు, సొసైటీ, కౌలు వసూలు, ఆదాయపన్ను పత్రాలు, ఇలా పనులు ఒక్కొక్కటీ పేర్కొంటూ స్పెషల్ పవర్ రాయించండి. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు అందులో వద్దు. బ్యాంకు మీ జీపీఏని చూసి పక్కన పెట్టేస్తుంది, వాళ్ల ఫారమే కావాలంటుంది. అక్కడ మ్యాండేట్ లెటర్ (ఖాతా ఫలానావారు నడపవచ్చని ఇచ్చే లేఖ) వేరే ఇవ్వాలి.

దస్తావేజుల_మూర్తి
జీపీఏ అంటే మన ఊళ్లో ఇల్లు కొనే కాగితం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏతో యాజమాన్యం మారదని చెప్పి ఇన్నేళ్లయింది, అయినా నెలకో పెద్దాయన "జీపీఏ ఉంది కదా" అని పాత ఫైలు పట్టుకొస్తూనే ఉన్నారు. రమగారూ, మీ ఫ్లాటుకి సేల్ డీడ్ ఉందా, జీపీఏయేనా? ముందు అది చూడండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) కూడా తీయండి, పాత బ్యాంకు లోను తాలూకు మార్ట్‌గేజ్ కనిపిస్తుందేమో. లోను తీరిపోయినా రిలీజ్ డీడ్ (తాకట్టు విడుదల పత్రం) రిజిస్టరు చేయించక అలాగే వదిలేసినవి బోలెడు.

కేపీహెచ్‌బీ_రమ
సేల్ డీడ్ ఉంది. లోను ఉండేది, తీరింది. రిలీజ్ సంగతి చూస్తాను.

మాజీ_బ్రాంచిమేనేజర్
బ్యాంకు వైపు నుంచి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

నామినీ అంటే యజమాని కాదు. బ్యాంకు ఎవరికి డబ్బిస్తే దాని బాధ్యత తీరుతుందో ఆ మనిషి, అంతే. తర్వాత వారసులకు పంచాల్సిన పూచీ నామినీదే. 2010లో తల్వార్ కేసులో సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల గురించి ఇదే చెప్పింది, షేర్ల గురించి 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ చెప్పింది. మీ సెక్రటరీ గారికి చెప్పండి. అయినా నామినేషన్ ఉండాలి, లేకపోతే ఫారాలు, సంతకాలు, హామీదారులు అంటూ తిప్పుతారు. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. డిపాజిట్లకు శాతాలు వేసి ఒకేసారి అందరికీ అనవచ్చు, లేదా ఒకరు లేకపోతే మరొకరు అని వరస పెట్టవచ్చు. లాకరుకు వరస పద్ధతి ఒక్కటే.

ఎఫ్‌డీలు అమ్మగారితో జాయింట్‌గా "ఐదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు) చేయించండి. ఇక్కడే మెలిక. ఐదర్ ఆర్ సర్వైవర్ ఉన్నా, గడువుకు ముందే ఎఫ్‌డీ విరవాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒకరు పోయాక రెండోవారు విరుచుకోవాలంటే అందుకు ఇద్దరూ కలిసి ఇచ్చిన మ్యాండేట్ ఉండాలి. పాత ఎఫ్‌డీలకు కూడా ఇప్పుడు ఇవ్వవచ్చు, తెల్ల కాగితం మీద కాదు, బ్యాంకు ఫారం మీద. కౌంటర్లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి.

లాకరు: అమ్మగారి పేరు చేర్చండి, కొత్త ఒప్పందం మీద ఇద్దరి సంతకాలు, నామినేషన్. ఒరిజినల్ వీలునామా మాత్రం లాకర్లో పెట్టకండి. లాకరు తెరవడానికి వీలునామా కావాలంటారు, వీలునామా లాకర్లో ఉంటుంది.

చిక్కడపల్లి_శాస్త్రి
తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. కానీ మేనేజర్ గారూ, ఇన్సూరెన్సులో నామినీయే యజమాని అయ్యాడు కదా? 2015 సవరణ.

మాజీ_బ్రాంచిమేనేజర్
అవును, బీమా చట్టం 39వ సెక్షన్. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వాళ్లే లబ్ధిదారులు. తమ్ముణ్ని, మేనల్లుణ్ని పెడితే పాత పద్ధతే. డిపాజిట్లకు ఆ సవరణ వర్తించదు, రెండూ కలిపేయకండి.

అంబర్‌పేట_యాదగిరి
పెన్షన్ ఖాతాల అక్క పేరు జాయింట్ పెడితే అయిపోతది గదా? ప్రతినెల పైసలు తీసుడు అల్కగైతది.

మాజీ_బ్రాంచిమేనేజర్
కేంద్ర పెన్షన్ ఖాతాలో జాయింట్‌గా భార్య లేదా భర్తనే పెట్టాలి, అదీ ఫ్యామిలీ పెన్షన్ వాళ్లకే రావాల్సి ఉంటే. కూతురు కుదరదు. రైల్వే కూడా అంతే. అమ్మగారిని చేర్చండి. అలా ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ కోసం కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదు.

పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) బయటికి తీసి అమ్మగారి పేరు, పుట్టిన తేదీ చూడండి. పాత పీపీవోల్లో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటుంది, లేదా పేరు "సీతమ్మ" అని ఉంటే ఆధార్‌లో "సీతామహాలక్ష్మి". ఇప్పుడు నాన్నగారే అర్జీ మీద సంతకం పెడితే రైల్వే డివిజన్ ఆఫీసులో సరిచేస్తారు. ఆయన పోయాక అదే పనికి అమ్మగారు అఫిడవిట్లు మోసుకుని తిరగాలి. ఆ తేదీ ఇంకొకందుకూ కావాలి: 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40 అదనపు పెన్షన్ వస్తుంది, ఫ్యామిలీ పెన్షన్‌కీ అంతే. తేదీ లేకపోతే ఆ పెంపు ఆగిపోతుంది.

లైఫ్ సర్టిఫికెట్ మామూలుగా నవంబరులో, 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే. ముఖం చూపిస్తే సరిపోయే యాప్ పద్ధతి ఉంది, వేలిముద్రలు పడని వాళ్లకు అదే సుఖం. 70 దాటినవారికి ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు ఇవ్వాలని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది, అడగండి.

నర్సు_సునీత
రైల్వే వైద్య కార్డులో అమ్మగారి పేరు కూడా చూసుకోండి. లాలాగూడ ఆసుపత్రిలో మందులు తీసుకునేది చాలావరకు భార్యాభర్తలిద్దరూ కదా.

కేపీహెచ్‌బీ_రమ
సరే, వీలునామాయే అని అర్థమైంది. నాన్న కూడా ఒప్పుకుంటారు. ఆయనకున్న జబ్బుతో రాస్తే రేపు చెల్లదంటారా? ఎలా రాయించాలి?

దస్తావేజుల_మూర్తి
జబ్బు పేరు ఉంటే చెల్లదని ఎక్కడా లేదు. రాసే సమయానికి తను చేస్తున్నదేమిటో తెలియాలి, అంతే. ఎంత త్వరగా రాస్తే అంత మంచిది.

స్టాంపు పేపరు అక్కర్లేదు, మంచి లెడ్జరు పేపరు చాలు. తెలుగులో రాయించండి, నాన్నగారు ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో. ఇంగ్లీషు వీలునామా మీద తెలుగు సంతకం ఉంటే "ఆయనకు చదివి ఎవరు వినిపించారు" అన్నదే కోర్టు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న.

ఆస్తి వివరం: ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, పాత డోర్ నంబరు, ఇప్పటి డోర్ నంబరు, ప్లింత్ ఏరియా, భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, కార్ పార్కింగు, నాలుగు హద్దులు, సేల్ డీడ్ నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారు, ఇంటి పన్ను నంబరు. భూమికి సర్వే నంబరు, ఎకరాలు గుంటలు పట్టాదారు పాసుపుస్తకంలో ఎలా ఉంటే అలా. పాసుపుస్తకంలో తప్పుంటే ముందు భూభారతిలో (రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్) సరిచేయించుకుని తర్వాత రాయాలి. డిపాజిట్లకు ఖాతా నంబర్లు వేయకండి, ఎఫ్‌డీ రెన్యువల్‌కి నంబరు మారుతుంది. "నా పేరున ఏ బ్యాంకులో ఉన్న డిపాజిట్లయినా" అనండి. చివర్లో "పైన చెప్పనివి ఏవైనా మిగిలితే ఫలానా వారికి" అన్న వాక్యం మర్చిపోవద్దు, సగం వీలునామాల్లో అది ఉండదు.

ఎవరికైనా తక్కువ ఇస్తే ఎందుకో ఒక వాక్యం రాయండి. "నా కుమారుని చదువుకు, విదేశీ ప్రయాణానికి ఇదివరకే ఖర్చు పెట్టితిని" అంటే చాలు. కారణం లేకుండా కొడుకును తప్పిస్తే కోర్టు దాన్ని అనుమానాస్పద పరిస్థితుల్లో ఒకటిగా చూస్తుంది.

సాక్షులు ఇద్దరు. నాన్నగారు సంతకం పెడుతుండగా చూసి, ఆయన ఎదుటే వాళ్లు పెట్టాలి. వయసులో చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు. రేపు కనీసం ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. 80 ఏళ్ల స్నేహితుణ్ని సాక్షిగా పెట్టి ఏం లాభం. మీరు గానీ మీవారు గానీ సాక్షులుగా వద్దు. రమగారూ, రాయించే రోజు మీరు ఆ గదిలోనే ఉండకండి, ఎక్కువ వాటా మీకే వస్తుంటే మరీను.

నర్సు_సునీత
డాక్టర్ సర్టిఫికెట్ గురించి. "ఫిట్" అని ఒక ముక్క రాసిచ్చే కాగితం ఎందుకూ కొరగాదు. వైద్యం చేస్తున్న న్యూరాలజిస్టు లేదా సైకియాట్రిస్టు అదే రోజు చూసి, సమయం వేసి, తేదీ, ఊరు, పిల్లల పేర్లు, తన ఆస్తులు, ఎవరికి ఏమిస్తున్నారో ఆయనే చెప్పారని రాయాలి. జ్ఞాపకశక్తి పరీక్ష స్కోరు జత చేస్తే ఇంకా గట్టి.

పొద్దున పది పదకొండు మధ్య పెట్టుకోండి. ఈ జబ్బులో సాయంత్రమయ్యే కొద్దీ అయోమయం పెరుగుతుంది. ముందు రాత్రి నిద్రమాత్ర వేస్తే మర్నాడు మత్తుగా ఉంటారు, దాని గురించి డాక్టర్‌ని అడగండి. ఉన్నట్టుండి రెండు రోజుల్లో బాగా గందరగోళపడుతున్నారంటే అది జబ్బు ముదిరినట్టు కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో అయి ఉండవచ్చు. పరీక్ష చేయించి, తేరుకున్నాక సంతకాలు. వినికిడి మిషను పెట్టుకుని ఉన్నారా, కళ్లద్దాలు ఉన్నాయా అన్నది కూడా చూసుకోవాలి.

న్యాయవాది_పద్మ
అమ్మగారి విషయంలో ఒక జాగ్రత్త. ఎక్కువమంది "నా భార్యకు జీవితకాలం అనుభవించు హక్కు, ఆమె తదనంతరం పిల్లలకు" అని రాస్తారు. 1977లో మన దగ్గర నుంచే వెళ్లిన తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, ఆమెకు అప్పటికే ఉన్న పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, హిందూ వారసత్వ చట్టం 14(1) కింద ఆ పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుంది. కొత్తగా పరిమితంగానే ఇచ్చినదైతే 14(2), పరిమితంగానే ఉంటుంది. ఏది ఏదన్నదాని మీద తర్వాత ఎన్నో దావాలు నడిచాయి. కాబట్టి ఏం కావాలో సూటిగా రాయండి. నా సలహా, ఫ్లాట్ పూర్తిగా అమ్మకే ఇచ్చి, అమ్మ కూడా అదే రోజు తన వీలునామా రాయడం. ఆవిడ వీలునామా సంగతి ఇంతవరకు ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు చూశారా.

చిక్కడపల్లి_శాస్త్రి
రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కదా. ఇంట్లో రాసుకుని బీరువాలో పెట్టుకుంటే ఖర్చూ లేదు, ఊరంతా తెలియడమూ లేదు.

దస్తావేజుల_మూర్తి
తప్పనిసరి కాదు, రిజిస్టరైందని నిజమైపోదు కూడా. కానీ మతిమరుపు ఉన్న మనిషి విషయంలో చేయించాలంటాను. ఫోటో, వేలిముద్ర, తేదీ ప్రభుత్వ పుస్తకంలో పడతాయి, "ఇది తర్వాత పుట్టించిన కాగితం" అనే నోరు మూతపడుతుంది. అసలు పోయినా నకలు దొరుకుతుంది. రహస్యం భయం వద్దు, రాసినవారు బతికుండగా వేరేవాళ్లకు నకలు ఇవ్వరు. ఒక్కటి గుర్తుంచుకోండి, రిజిస్టరైన వీలునామాను తర్వాత రాసిన మామూలు వీలునామా కూడా రద్దు చేయగలదు. అందుకే చివరిది ఏదో ఇంట్లో అందరికీ తెలియాలి.

మీసేవ_మల్లేశ్
అసలు లొల్లి మనిషి పోయినంక మొదలైతది. డెత్ సర్టిఫికెట్ 21 రోజుల లోపల రాయించాలె. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాల్నంటరు. పేరు ఆధార్‌ల ఎట్లుంటే గట్లనే రాయించుండ్రి, ఒక్క అక్షరం తప్పితే అన్ని ఆఫీసులల్ల తిప్పుతరు. అయిదారు కాపీలు తీస్కోండ్రి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవల అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు కెళ్లి ఎంక్వయిరీ వస్తది. అండ్ల అందరి పేర్లుండాలె, అమెరికల ఉన్నోళ్లు గూడ. దాచి రాస్తే తర్వాత మీకే పరేషాన్.

ఇంటి పన్ను మున్సిపల్ ఆఫీసుల, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ మూడు వేరువేరు. పన్ను పేరు మారిందంటే ఇల్లు మీదైనట్టు కాదు, అది పన్ను కట్టనీకే.

మాజీ_బ్రాంచిమేనేజర్
మల్లేశ్ చెప్పినదానికి తోడు, నామినీ లేదా సర్వైవర్ ఉంటే కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు క్లెయిము తీర్చాలి. ఏమీ లేని పెద్ద మొత్తాలకు సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) అడగవచ్చు, అది సివిల్ కోర్టు నుంచి తెచ్చుకోవాలి. పేపరు ప్రకటన, కోర్టు ఫీజు, నెలలు. నామినేషన్ ఫారం మీద ఇప్పుడు ఒక్క సంతకం పెడితే తప్పే పని.

కేపీహెచ్‌బీ_రమ
ఒకవేళ ఇవేవీ పూర్తికాకుండానే నాన్నకు బాగా ముదిరితే? బొటనవేలు వేయించి నడిపించొచ్చని ఎవరో అన్నారు.

మాజీ_బ్రాంచిమేనేజర్
చాలామంది పొరబడేది ఇక్కడే. చేయి వణికి సంతకం పెట్టలేని పెద్దలకు వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, వాళ్లలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది శరీరం సహకరించని వాళ్లకు. మనసు పనిచేయని మనిషి వేలు పట్టి ముద్ర వేయించడం వేరు, దాన్ని మోసం అంటారు. అన్నయ్య అడిగినా, మీరే అడిగినా.

న్యాయవాది_పద్మ
అప్పుడు మిగిలేది గార్డియన్. డిమెన్షియాకు సరిగ్గా సరిపోయే చట్టం లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి సంరక్షకుణ్ని పెట్టే భాగమే లేదు, నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివాటికే. అందుకే రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి గార్డియన్‌గా నియమించమని అడుగుతారు. ఎవరెవరి నివేదికలు చూడాలో 2019లో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్నవారి విషయంలో, మార్గదర్శకాలు ఇచ్చింది: మెడికల్ బోర్డు పరీక్ష, రెవెన్యూ అధికారి వచ్చి చూడటం, ఆస్తుల జాబితా, వారసుల సమ్మతి. అన్నయ్య ఒప్పుకోలు అఫిడవిట్ అక్కడ కావాలి. గార్డియన్ అయ్యాక ఖర్చుల లెక్క కోర్టుకు చెప్పాలి. ఇంత దూరం రాకుండా ఉండాలంటే ఇప్పుడే అమ్మగారితో జాయింట్, స్పెషల్ పవర్, వీలునామా.

డాలస్_బాబ్జీ
అన్నయ్య ఇక్కడ సంతకం పెట్టి పంపేవి: నోటరీ ముందు సంతకం, ఆపైన రాష్ట్రం నుంచి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ), లేదా కాన్సులేట్‌లో. ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లు ఎక్కువ.

నర్సు_సునీత
కాగితాలతో పాటు ఫోన్ కూడా చూడండి. నాన్నగారి పేరున ఉన్న సిమ్‌కే అన్ని ఓటీపీలు వస్తాయి, దాని రీచార్జి ఆగితే నంబరు పోతుంది. ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బున్న ఖాతాకు మాత్రమే యూపీఐ ఉంచండి. ఎఫ్‌డీలున్న ఖాతాలకు నెట్ బ్యాంకింగ్‌లో పరిమితి తగ్గించండి. పోలీసులమని బెదిరించి డబ్బు లాగే "డిజిటల్ అరెస్ట్" ఫోన్లు మతిమరుపు వాళ్లకూ తగులుతున్నాయి, డబ్బు పోతే వెంటనే 1930. అటెండెంట్ ఏజెన్సీకి అడ్వాన్సు ఇచ్చేముందు మనిషి మారితే ఎన్ని రోజుల్లో కొత్త మనిషిని పంపుతారో రాయించుకోండి. ఏటీఎం కార్డు మాత్రం అటెండెంట్ చేతికి వద్దు, ఒక్క రోజుకు కూడా.

ఇంకోటి, వెంటిలేటరు వద్దు అనుకుంటే ఆ మాట కూడా ఇప్పుడే రాయాలి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. తన తరఫున మాట్లాడేవారిని ఒకరికంటే ఎక్కువమందిని పేర్కొనవచ్చు. కాపీ వైద్యుడి దగ్గర ఉండాలి, ఐసీయూ బయట వెతుక్కోకూడదు.

చిక్కడపల్లి_శాస్త్రి
సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో అమ్మగారి పేరున వేస్తే ఎలా ఉంటుంది? 30 లక్షల దాకా, వడ్డీ మూడు నెలలకోసారి.

మాజీ_బ్రాంచిమేనేజర్
బాగుంటుంది, ఆవిడ చేతికి సొంత ఆదాయం. అయితే భర్త ఇచ్చిన డబ్బు మీద వడ్డీ ఆదాయపన్నులో భర్త ఖాతాలోనే కలుస్తుంది. అయిదేళ్ల పథకం, మొదటి ఏడాదిలోనే మూస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు. వైద్యానికి చేతిలో ఉండాల్సిన డబ్బు అందులో పెట్టకండి.

కేపీహెచ్‌బీ_రమ
ఈ వారం పీపీవో, ఎఫ్‌డీ మ్యాండేట్లు, లాకరు. ఈసీకి ఇవాళే అప్లై చేస్తున్నా. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికిన రోజే వీలునామాలు, నాన్నదీ అమ్మదీ. అన్నయ్యకు ఈ చర్చ మొత్తం పంపాను, "ఎకరాల సంగతి నాకు తెలియదే" అన్నాడు. ఒక్కటే అనుమానం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, రిజిస్ట్రారు ఆఫీసులో మెట్లెక్కలేరు. ఏం చేయాలి?

దస్తావేజుల_మూర్తి
రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, కదల్లేని వారి ఇంటికి సబ్ రిజిస్ట్రారు వస్తారు. అర్జీ, డాక్టర్ సర్టిఫికెట్, అదనపు ఫీజు. సాక్షులిద్దరూ ఆధార్‌తో ఆ సమయానికి ఇంట్లో ఉండాలి. నాన్నగారి వేలిముద్రలు మిషను మీద పడతాయో లేదో ముందుగా ఆధార్ కేంద్రంలో చూసుకోండి, అరిగిపోయి ఉంటే బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. వచ్చిన అధికారి నాన్నగారినే అడుగుతారు, పక్కనుంచి ఎవరూ జవాబు అందించకూడదు.

అంబర్‌పేట_యాదగిరి
అక్కా, లోను రిలీజ్ డీడ్ సంగతి మాత్రం ఈసీ వచ్చినంక ఈడ్నే చెప్పు. మా గల్లీల గూడ ఇద్దరికి గదే అనుమానం ఉంది.